తండ్రి మాట, బంతి యాట: డాక్టరు టాలిమెరెన్ ఆవో చరిత్రము



పిల్లవాడు పలక ప్రక్కన బెట్టి ఊరిబయటి బీటికి పరుగెత్తినచో మన యిండ్లలో వినబడు మాట యొకటే: "ఆటలమారివాడు బాగుపడడు." ఈ మాట ఊరక పుట్టినది కాదు. బీదయిండ్ల బిడ్డలను గట్టెక్కించు తెప్ప చదువొక్కటియే యని పెద్దలు తమ యనుభవమున నెరిగినవారు. బంతి వెనుక పరుగెత్తిన గంటలన్నియు పుస్తకమునుండి దొంగిలింపబడినవే యని వారు తలచుటలో వింత లేదు. ఇక చదువుకొన్న బిడ్డడు పట్టణము పాలై మరల ఊరి మొగము చూడడనునది వారి రెండవ దిగులు. ఈ రెండు దిగుళ్లకును ఒక్క జీవితమున సమాధానము దొరకునట్టి పురుషుని చరిత్రమును నేడు మీకు విన్నవించెదను. ఆయన పేరు డాక్టరు టాలిమెరెన్ ఆవో. స్వతంత్ర భారతదేశము ఒలింపిక్ క్రీడలకు పంపిన మొదటి ఫుట్‌బాలు జట్టునకు నాయకుడాయనయే. ఆ క్రీడలలో మన పతాకమును చేతబట్టి ముందు నడచినవాడును ఆయనయే. అటుపిమ్మట తన జీవితకాలమును కొండజాతుల రోగులకు ధారపోసిన వైద్యుడును ఆయనయే.

మనిషిని తెలిసికొనవలెనన్న ముందు ఆతని మన్ను తెలియవలెను. మన దేశపు ఈశాన్యపు కొనయందు, అస్సాము మైదానమునకును బర్మాదేశమునకును నడుమ, నాగా కొండలున్నవి. నాగాలన ఒకే తెగ కాదు. అంగామీలు, ఆవోలు, సేమాలు, లోథాలు, కొన్యాకులు మున్నగు పెక్కు తెగలు గలవు. ఒక తెగ భాష వేరొక తెగకు తెలియదు. ఆవో యనునది మన కథానాయకుని తెగ పేరు. మనలో ఇంటిపేరు మొదటను, ఆయనకు తెగపేరు చివరను వచ్చినవని గ్రహించిన చాలును. ఆ గ్రామములు కొండ శిఖరములమీద కట్టబడియుండును. పూర్వము శత్రువుల రాకను దూరమునుండియే కనిపెట్టుటకు అట్టి చోటులు తగియుండెను. కాని త్రాగునీరు దిగువనుండి మోసికొని రావలెను. కొండవాలున అడవి నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తు పోడు వ్యవసాయము వారి జీవనాధారము. మన గోదావరి యేజెన్సీలోని కొండరెడ్లును, కోయలును చేయు పోడు నెరిగినవారికి ఇది కొత్త కాదు. ఊరి యువకులందరును ఒక్కచోట శయనించి, పెద్దల కట్టుబాట్లను, కథలను, పనిపాటలను నేర్చుకొను బ్రహ్మచారుల శాల యొకటి ఆవోల గ్రామములం దుండెడిది. దానిని వారు అరిజు అందురు.

ఈ కొండలకు అక్షరము వచ్చిన తీరు వేరు. గోధూలా యను అస్సామీ ఉపదేశకుడు దారి తీయగా, ఇ. డబ్ల్యు. క్లార్కు అను అమెరికను మిషనరీ 1872వ సంవత్సరమున ఆవోల గ్రామమున కెక్కి, 1876లో అచ్చటనే కాపురముండ మొదలిడెను. ఆవోల భాషకు అంతవరకు లిపి లేదు; రోమను అక్షరములతో దానిని వ్రాయుట ఆ కాలముననే యారంభమైనది. క్లార్కు కూర్చిన ఆవో నిఘంటువు 1911లో వెలువడినది. బ్రౌను దొర మన తెలుగునకు నిఘంటువు కూర్చునాటికి మనకు వేయేండ్ల లిఖిత వాఙ్మయ మున్నది. ఆవోలకు నిఘంటువు, వ్రాత, బడి అన్నియు ఒక్క పురుషాంతరములోనే వచ్చి పడినవి. 1894లో ఇంపూరు అను కొండమీద మిషను కేంద్రము స్థాపింపబడి, ఆ తెగకంతకును విద్యాస్థాన మయ్యెను.

అట్టి మార్పుల నడుమ, 1918వ సంవత్సరము జనవరి 28వ తేదీన, నాటి అస్సాములోని నాగా కొండల జిల్లాకు చెందిన చాంగ్‌కీ గ్రామమున టాలిమెరెన్ జన్మించెను. తండ్రి సుబోంగ్‌వతి, ఇంపూరు సంఘమున రెవరెండుగా పనిచేసినవాడు. పన్నెండుగురు సంతానములో టాలిమెరెన్ నాల్గవవాడు. పన్నెండుగురు బిడ్డలుగల మతోపదేశకుని యింట బంతి కొనిపెట్టు స్తోమత యెక్కడిది? కుటుంబము ఇంపూరు మిషను ఆవరణకు వచ్చిన పిమ్మట, ఆ బాలుడు చింకిగుడ్డలు చుట్టి కట్టిన బంతితోనే ఆట నేర్చెను. మన పల్లెలలో పాతచీర పేలికలను తాటినారతో బిగించి పిల్లలు చేయు గుడ్డబంతికిని దానికిని భేదము లేదు. ఒకటి మాత్రము చెప్పవలెను. గుడ్డబంతి గాలిబంతివలె ఎగిరి రాదు. కాలు దానిని వెదకికొని పోవలెను. పాదము మెలకువ నేర్చుటకు అంతకు మించిన పాఠము లేదని ఆటగాండ్రు చెప్పుదురు.

చదువు సాగుటకు కొండ దిగక తప్పలేదు. టాలిమెరెన్ అస్సాములోని జోర్‌హాటు మిషను పాఠశాలలో చేరెను. అచ్చట ఆటలలో పేరు తెచ్చుకొనెను. అంతలో ఆ కుటుంబమునకు పెద్ద దుఃఖము కలిగినది: తండ్రి గతించెను. ఆయన తన కుమారుని కోరిన కోరిక యొకటి కలదు. నీవు వైద్యుడవై మన జనులకు సేవ చేయవలెను అనునదే దాని సారము. ఆనాటి నాగా కొండలలో వైద్యుడన్నవాడు దొరకుటయే యరుదు. జ్వరము వచ్చిన రోగిని దినములకొలది అడవిదారుల మోసికొనిపోవలసిన దేశమున, ఒక తండ్రి కుమారుని వైద్యుడవు కమ్మనుట ఆతని ఒక్కని బాగు కోరి యన్న మాట కాదు. ఆ మాటను కుమారుడు ఋణముగా తలచెను. ఇటుమీద ఆయన జీవితమున ఏ మలుపు వచ్చినను ఆ ఋణము తీర్చు దారి యేదో చూచుకొనియే అడుగు వేసెను.

జోర్‌హాటు పిమ్మట గౌహతిలోని కాటన్ కళాశాల. అచ్చట ఫుట్‌బాలుతోబాటు వాలీబాలునందును, పరుగుపందెములందును ఆయన మొనగాడయ్యెను. పట్టణములోని మహారాణా క్లబ్బు తరపున ఆడెను. మొదట ఆయన ముందు వరుసలో నిలిచి గోలు కొట్టువాడు. పిమ్మట నడుమ వరుసకు మారి, శత్రువుల దాడి నడ్డగించు పనిని చేపట్టెను. ఈ ఆట చూడనివారికై రెండు మాటలు చెప్పెదను. జట్టునకు పదునొకండుగురు. ఒకడు గోలును కాయువాడు. ఆతని ముందర వెనుకకావలివారు. కొనను దాడి చేయువారు. ఈ రెండు వరుసలకును నడుమ నున్నవారిని హాఫ్‌బాకు లందురు. చెరువునకు తూము ఎట్టిదో జట్టునకు హాఫ్‌బాకు అట్టివాడు. వచ్చిన వరదను ఆపవలెను. ఆపిన నీటిని ఏ కాలువకు ఎంత విడువవలెనో ఎరిగి విడువవలెను. గోలు కొట్టినవాని పేరు జనులు స్మరింతురు. తూము పని సరిగా జరుగుచున్నంతకాలము దాని నెవరును తలంపరు. టాలిమెరెన్ ఎన్నుకొనిన స్థానమట్టిది.

1942లో ఆయన కలకత్తాలోని కార్‌మైకేల్ వైద్యకళాశాలలో చేరెను. ఇదియే 1948లో రాధాగోవింద కర్ గారి పేరిట ఆర్. జి. కర్ కళాశాల యయ్యెను. ఆ మరుసటి సంవత్సరము, 1943లో, మోహన్ బాగాన్ జట్టున ప్రవేశించెను. ఆ జట్టు పేరు మన పల్లెలలో కొందరికి తెలియకపోవచ్చును గాన, దాని చరిత్ర కొంత చెప్పవలసియున్నది. 1889లో కలకత్తాలో పుట్టిన సంఘమది. 1911వ సంవత్సరము జులై 29వ తేదీన ఐ. ఎఫ్. ఏ. షీల్డు అంతిమపోటీలో ఆ జట్టు ఈస్టు యార్కుషైరు రెజిమెంటు అను తెల్లదొరల సైనికజట్టును రెండు గోళ్లకు ఒక గోలుగా ఓడించెను. సైనికులకు బూట్లున్నవి, బెంగాలీ యువకులలో ఒక్కడు తప్ప తక్కినవారందరు వట్టికాళ్లతో ఆడిరి. వంగరాష్ట్ర విభజనపు గాయము మానని దినములలో జరిగిన ఆ గెలుపు ఆటగా మాత్రమే మిగులలేదు. దొరను ఎదిరించి గెలువవచ్చునను ధైర్యమును అది దేశమున కిచ్చెను. అట్టి జట్టునకు కొండనుండి దిగివచ్చిన ఈ నాగా విద్యార్థి కొద్దికాలములోనే నాయకుడయ్యెను. బెంగాలీల గర్వమునకు నిధివంటి జట్టు, తమ భాష కాని, తమ మతము కాని, తమ తెగ కాని యెరుగని యొక యువకుని వెనుక నడచెను. మైదానమున వారు చూచినది ఆతని యాటను, ఆతని నడవడిని.

ఆ సంవత్సరములెట్టివో జ్ఞప్తికి తెచ్చుకొందము. 1942లో బర్మా జపానువారి వశమైనది. ఆ యేటి డిశంబరులో కలకత్తాపై బాంబులు పడినవి. 1943లో వంగదేశమున ఘోరక్షామము. లక్షలకొలది జనులు అన్నము లేక మడిసిరి. 1944 వేసవిలో యుద్ధము ఆయన స్వదేశమునకే వచ్చినది. ఏప్రిలు మొదలు జూను వరకు కొహిమా కొండలమీద బ్రిటిషు భారత సైన్యములకును జపాను సైన్యమునకును భీకరసంగ్రామము జరిగెను. ఆ పట్టణము నేలమట్టమయ్యెను. 1946 ఆగష్టున కలకత్తా వీథులలో మతకలహమున నెత్తురు ప్రవహించెను. ఇట్టి యేడ్లలో ఆ విద్యార్థి పగలు శవపరీక్షయు రోగిపరీక్షయు నేర్చుచు, సాయంకాలము మైదానమున నిలిచెను. వైద్యపట్టము పుచ్చుకొనుటకు ఆయనకు 1950 వరకు పట్టినది. ఆట చదువును కొంత మెల్లపరచెనేమో యని మనము శంకింపవచ్చును. కాని ఒకటి నిశ్చయము. ఆయన దానిని నడుమ విడిచిపెట్టలేదు.

ఇక 1948. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఏడాది నిండలేదు. యుద్ధమువలన పండ్రెండేండ్లు ఆగిపోయిన ఒలింపిక్ క్రీడలు లండనులో మరల జరుపబడినవి. మన ఫుట్‌బాలు జట్టునకు బలాయిదాస్ చటర్జీ శిక్షకుడు. టాలిమెరెన్ ఆవో నాయకుడు. శైలేన్ మన్నా ఉపనాయకుడు. జులై 29వ తేదీన వెంబ్లీ మైదానమున ప్రారంభోత్సవము. తమ్ము పాలించిన రాజు ఆరవ జార్జి ఎదుట, ఆతని రాజధానిలో, స్వతంత్ర భారతదేశపు త్రివర్ణపతాకమును ఎత్తిపట్టి మన క్రీడాకారుల ముందు నడచినవాడు టాలిమెరెన్. మోహన్ బాగాన్ దొరలను గెలిచిన 1911వ సంవత్సరపు జులై 29కి అది సరిగా ముప్పదియేడవ సాలు. ఆ దినమునే ఆ జట్టు నాయకుడే దేశపతాకమును మోయుట విధి కూర్చిన యొక సంయోగము.

ఈ సందర్భమున ఒక విషయమును దాచరాదు. 1947 ఆగష్టు 14వ తేదీన నాగా జాతీయ మండలి తమ కొండలు స్వతంత్రములని ప్రకటించియుండెను. భారతదేశముతో తమ సంబంధ మెట్టిదిగా నుండవలెనను ప్రశ్న ఆ కొండలలో అప్పుడే రగులుచుండెను. పిమ్మట అది చాలకాలము నిప్పై మండినది. అట్టి తరుణమున ఒక నాగా యువకుడు ఈ దేశపు జెండాను మోసెను. దీనినిబట్టి ఆ ప్రశ్న తీరినదనుట తొందరపాటగును. ఒక్క మనుజుని నడకవలన జాతుల వివాదములు తీరవు. కాని తన జాతిని ప్రేమించుటయు, పరజాతులవారితో కూడి ఒక్క జట్టుగా నిలుచుటయు ఒకే గుండెలో ఇముడునని ఆయన నడవడి చూపినది. ఆయన తన తెగపేరును మార్చుకొనలేదు. తన కొండను మరువలేదు.

జులై 31వ తేదీన, లండను చెంతనున్న ఇల్‌ఫర్డు క్రికిల్‌ఫీల్డు మైదానమున, మన జట్టునకు ఫ్రాన్సుతో పోటీ జరిగెను. బర్మా జట్టు తప్పుకొనుటచే మనవారికి ఇదియే తొలిపోటీ. మనవారిలో పెక్కుమంది వట్టిపాదములతోనే ఆడిరి; కొందరు పాదములకు గుడ్డపట్టీలు చుట్టుకొనిరి. ముప్పదవ నిమిషమున ఫ్రాన్సువారు గోలు చేసిరి. డెబ్బదవ నిమిషమున సారంగపాణి రామన్ అను మనవాడు గోలు కొట్టి సమము చేసెను. ఒలింపిక్ పోటీలలో భారతదేశపు తొలి గోలది. మనకు రెండు పెనాల్టీలు లభించినవి. పన్నెండు గజముల దూరమున బంతి నిలిపి, గోలుకావలివాడొక్కడే అడ్డముండగా కొట్టు దెబ్బ పెనాల్టీ యనబడును. ఒకటి శైలేన్ మన్నాకు, ఒకటి మహావీరప్రసాదునకు వచ్చెను. రెండును వ్యర్థమైనవి. ఆట ముగియుటకు ఒక్క నిమిషము మిగిలియుండగా ఫ్రాన్సువారు రెండవ గోలు చేసి గెలిచిరి. మనకు ఒకటి, వారికి రెండు.

ఓడిన జట్టును చూపరులు మెచ్చుకొనిరి. వట్టికాళ్లతో బంతి నంత నేర్పుగ మెలపువారిని వా రంతకుముందు చూచియుండలేదు. బూట్లు లేకుండ నెట్లాడుదురని ఒక పత్రికావిలేఖరి ప్రశ్నింపగా, టాలిమెరెన్ చిరునవ్వుతో, ఆట పేరే కాలిబంతి కదా, మేము కాలితో ఆడుచున్నాము, మీరు బూటుతో ఆడుచున్నారు, అను భావము తోచునట్లు బదులు చెప్పెనని ప్రసిద్ధి. ఆ చమత్కారము ఆంగ్లపత్రికలకు రుచించినది. దానియందు గర్వము లేదు, తక్కువతనమును లేదు.

ఐనను నిజము నిజముగా చెప్పుకొనవలెను. ఎండిన గట్టినేలపై వట్టిపాదమునకు బంతి లొంగినట్లు బూటునకు లొంగదు. కాని చలిదేశపు తడినేలపై పాదము జారును. బూటు దెబ్బకు వ్రేళ్లు చితుకును. 1952లో హెల్సింకి ఒలింపిక్ పోటీలో మనవారు యూగోస్లావియా చేతిలో పది గోళ్లకు ఒకటిగా ఓడిరి. ఆ పిమ్మటనే బూట్లు తప్పనిసరి యైనవి. 1950లో బ్రెజిలు దేశమున జరిగిన ప్రపంచకప్పు పోటీలకు మనకు అవకాశము లభించియు మన జట్టు పోలేదు. బూట్లు లేకుండ ఆడనీయరన్న కారణముననే పోలేదని ఒక కథ వాడుకలో నున్నది. దూరప్రయాణమును, సన్నాహమునకు కాలము చాలకుండుటయు, ప్రపంచకప్పుకన్న ఒలింపిక్కునకే పెద్దపీట వేసిన నాటి యధికారుల దృష్టియు అందుకు హేతువులని చరిత్ర శోధించినవారు చెప్పుదురు. పాదములపై నేరము మోపుట సులభము. ముందుచూపు లేమిని ఒప్పుకొనుట కష్టము.

ఈ ఆట కథలో మన తెలుగునేలకును పెద్ద భాగము కలదు. 1950లో డ్యూరండు కప్పు అంతిమపోటీలో మోహన్ బాగాన్‌ను గెలిచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టే. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన మొదట బడిపంతులు. 1950 మొదలు 1954 వరకు ఆ పోలీసు జట్టు బొంబాయి రోవర్సు కప్పును వరుసగా ఐదుసారులు గెలిచెను. 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో బంగారుపతకము గెలిచిన భారత జట్లకును, 1956 మెల్బోర్ను ఒలింపిక్కున నాల్గవ స్థానము పొందిన జట్టునకును రహీం పంతులే గురువు. కొండమీది వైద్యుడును, హైదరాబాదు పంతులును, తమ వృత్తిధర్మమును విడువకుండ ఆటను పూజించినవారే.

మరల మన కథలోనికి వత్తము. లండను పోటీల పిమ్మట ఇంగ్లండులో ప్రసిద్ధమైన ఆర్సెనల్ జట్టువారు టాలిమెరెన్‌ను తమతో నుండుమని పిలిచిరని ఆయనను గూర్చి వ్రాసినవారు చెప్పుదురు. ఆ పిలుపును ఆయన కాదనెను. ముప్పది యేండ్ల వయసు, ఒడలిలో బలమున్నది, పేరున్నది. ఆట ఆడి ధనము పొందుట ఇంగ్లండున వృత్తి. మన దేశమున నాడు అట్టి వృత్తి లేదు. అయినను వైద్యవిద్య ముగియలేదు. తండ్రి ఋణము తీరలేదు. ఆయన కలకత్తాకు మరలి వచ్చి, చదువు పూర్తి చేసి, 1950లో ఎం. బి. బి. ఎస్. పట్టము పొందెను.

పట్టమందిన వైద్యునకు కలకత్తా మహానగరము తలుపులు తెరచియేయుండును. మోహన్ బాగాన్ నాయకుని వాకిట రోగులు బారులు తీరియుందురనుటకు సందేహమేమి? ఆయన మొదట డిబ్రూగఢ్ వైద్యశాలలో పని చేసి, 1953లో అసిస్టెంటు సివిల్ సర్జనుగా కొహిమా చేరెను. అనగా, యుద్ధమున ధ్వంసమై మరల నిలువబడుచున్న తన కొండల ముఖ్యపట్టణమునకు. ఆ యేడ్లు సుఖమైనవి కావు. 1950వ దశాబ్దపు నడుమనుండి నాగా కొండలలో సాయుధ తిరుగుబాటు రేగెను, సైన్యములు దిగెను, 1958లో సైన్యమునకు ప్రత్యేకాధికారము లిచ్చు శాసనము వచ్చెను. ఊళ్లు కాలినవి, కుటుంబములు అడవుల పాలైనవి. నాగా వైద్యునకు అది కత్తిమీది సాము. ప్రభుత్వపు జీతగాడని ఒకరు, కొండవాడని వేరొకరు శంకింప వీలుగల కాలమది. అట్టి కాలమున ఆయన తన కొండలను విడిచిపోలేదు. సర్కారు వైద్యుడుగనే రోగుల సేవలో నుండెను.

1963 డిశంబరు 1వ తేదీన నాగాలాండు ప్రత్యేక రాష్ట్రమయ్యెను. ఆ యేటనే డాక్టరు ఆవో ఆ రాష్ట్రపు ఆరోగ్యశాఖకు డైరెక్టరుగా నియమింపబడెను. కొత్త రాష్ట్రమున కచ్చేరీలు మొదలుగా అన్నియు కొత్తగా నెలకొల్పవలసినవే. కొండశిఖరమున కొకటిగా చెదరిన గ్రామములు, వానకాలమున తెగిపోవు దారులు, తెగకొక భాష. అచ్చట ఆరోగ్యశాఖను నడుపుటయన్న కచ్చేరీలో కూర్చుండి కాగితములపై చేవ్రాలు చేయుట మాత్రమే కాదు. మందు పెట్టెను మోయు కూలి దొరకవలెను. ఆ మందునిచ్చు చేతికి స్థానికభాష రావలెను. కొండకొన గ్రామములలో నివసించుటకు ఒప్పుకొను వైద్యుడును, దాదియు కావలెను. 1978లో పదవి విరమించువరకు ఆయన ఈ భారమును వహించెను. మైదానమున హాఫ్‌బాకు చేయు పనియే ఇచ్చటను చేసెను: ఉన్న కొద్ది నీటిని ఏ పొలము ఎండకుండునట్లు పంచుట.

1998 సెప్టెంబరు 13వ తేదీన, ఎనుబదియేండ్ల వయసున, డాక్టరు టాలిమెరెన్ ఆవో స్వర్గస్థుడయ్యెను. అస్సాములోని కలియాబరున ఒక క్రీడామైదానమునకును, తాను చదివిన కాటన్ కళాశాలలో ఒక క్రీడాశాలకును ఆయన పేరు పెట్టబడినది. 2018 జనవరిలో శతజయంతి వచ్చినది. అయినను మన బడులలో ఎందరు బాలురకు ఆయన పేరు తెలియును? క్రికెట్టు ఆడి కోట్లు గడించినవారి పుట్టినదినములు సైతము మన పిల్లలకు కంఠోపాఠము. ప్రథమ ఒలింపిక్ ఫుట్‌బాలు నాయకుని ఊరేదని యడిగినచో చదువుకొన్న పెద్దలును తెల్లబోవుదురు. ఈశాన్య కొండల జనులు తాము దేశమునకు దూరమైతిమని వాపోవునపుడు, దూరము కొంత ఈ మరపునందును కలదని మనము ఒప్పుకొనవలెను.

పెద్దలారా! ఈ చరిత్రమునుండి మన గ్రామములకు తీసికొనదగినవి రెండు మూడు మాటలు గలవు.

మొదటిది, ఆట చోటును గూర్చి. మన యూళ్లలో పశువుల బీడులును, ఊరుమ్మడి బంజరులును ఏటేట ఆక్రమణల పాలగుచున్నవి. ఊరికి చెరువెంత అవసరమో, పిల్లలు పరుగెత్తుటకు రెండెకరముల చదునునేల అంత అవసరము. మీ యూరి కట్టుబాటుగా దానిని నిలుపుడు. బంతి గుడ్డదైనను కావచ్చును. నేల మాత్రము ఊరిదై యుండవలెను.

రెండవది, బిడ్డలకు చెప్పు మాటను గూర్చి. సుబోంగ్‌వతి తన కుమారునితో ఆట మానుమని యనినట్లు చరిత్రలో లేదు. వైద్యుడవై మనవారికి సేవ చేయుమనెను. మానుమను మాటకన్న కమ్మను మాటకు బలమెక్కువ. పిల్లవానికి చేరవలసిన గట్టు కనబడినచో, నడుమ నీళ్లలో ఈదులాడిననుకూడ ఒడ్డునకే చేరును. గట్టు చూపకుండ ఈత మాన్పించిన తండ్రి, కుమారుని నడియేట విడిచినవాడగును.

మూడవది, తిరిగి వచ్చుటను గూర్చి. మన పల్లెలు తమ బిడ్డలను చదివించి పట్టణములకును, పరదేశములకును పంపుచున్నవి. అందు తప్పు లేదు. కాని పల్లెలోని వైద్యశాల తలుపు తీసియున్నను లోపల వైద్యుడుండుట యరుదై యున్నది. లండను చూచి, కలకత్తా జయధ్వనులు విని, పేరుప్రతిష్ఠలు సంపాదించిన ఒకడు కొహిమా కొండ కెక్కి రోగి నాడి పట్టుకొని కూర్చుండెను. ఆయనకు తిరిగి వచ్చుట ఓటమిగా తోచలేదు. మన బిడ్డలలో నూటి కొక్కడైనను అట్లు తిరిగి వచ్చినచో ఆ యూరి అదృష్టము. వచ్చినవానిని, పట్టణమున నెగ్గలేక వచ్చినాడని ఎగతాళి చేయక, అరుగుమీద పెద్దపీట వేసి కూర్చుండబెట్టుట మీవంటి పెద్దల చేతిలోనున్నది.

పాదమునకు బూటు లేకపోయినను బంతి ఆగలేదు. ఇంట ధనము లేకపోయినను చదువు ఆగలేదు. కొండలలో కలతలు రేగినను సేవ ఆగలేదు. ఆటలమారివాడు బాగుపడడను మాటను మీ మనుమని మీద వేయుటకు ముందు ఈ నాగా వైద్యుని ఒక్కమారు తలచుకొనుడని కోరి విరమించుచున్నాను.